పైపు కింద చేయి

ఊరి పెద్ద బొటనవేలిని చమురు కంపెనీ ఇంజనీరు ఒక్పారా తానే పట్టుకుని సిరాలో అద్దాడు. ఇబినాబో నాలుగడుగుల దూరంలో నిలబడి చూస్తోంది. పెద్దాయనకు చదువు రాదు. కాగితంలో ఏముందో ఆయన అడగలేదు, ఒక్పారా చెప్పలేదు. వెనక నలుగురు సైనికులున్నారు.

వేలు కాగితానికి తగిలేలోపే బెలెమా దాన్ని లాక్కుంది. బెలెమా ఇబినాబో అక్క కూతురు, పంతులమ్మ చదువు చదివింది. గట్టిగా చదివింది: "చమురు కారడానికి కారణం, దొంగలు పైపు కోశారు."

జనం ఒక్కసారిగా ముందుకు జరిగారు. దొంగతనమని రాస్తే కంపెనీ పాయను శుభ్రం చేయదు. తుప్పు అని రాస్తే చేయాలి. డెల్టాలో ఇది తెలియని మనిషి లేడు. పదహారు రోజులుగా ముడిచమురు మడచెట్ల వేళ్లకు పట్టి ఉంది. ఇబినాబో బుట్టలో అప్పట్నుంచీ ఒక్క నత్త పడలేదు.

"పైపు చూశావా నువ్వు?" అంది ఇబినాబో.

"పైపు చుట్టూ తవ్విన గుంటలో నీళ్లున్నాయమ్మా, కనబడదు. మా అనుభవంతో చెప్తున్నాం."

"నీ అనుభవానికి బురద అంటలేదేం? బూట్లు తళతళమంటున్నాయ్!"

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఇబినాబో లుంగీ ఎగ్గట్టి గుంటలోకి దిగింది. ముప్పై ఏళ్లుగా ఆమె నత్తలేరేది కళ్లతో కాదు, వేళ్లతో. పైపు పైభాగం తడిమింది. నున్నగా ఉంది. భుజం దాకా మునిగి చేయి కిందికి పోనిచ్చింది. చమురు వెచ్చగా అరచేతిని నెట్టింది. బొక్క అంచు వేలు తగిలితేనే రాలింది. పిడికిలి బయటికి తీసి తెరిచింది. తుప్పు పెళ్లలు.

"బొక్క అడుగున ఉందర్రా! దొంగోడు బురదలో వెల్లకిలా పడుకుని, ఊపిరి బిగబట్టి కోశాడంటావా ఇంజనీరూ?"

"పైకి రా. పోటు నీళ్లొస్తున్నాయి, బొక్కకు ఇనుప పట్టీ బిగించాలి."

"పట్టీ వేస్తే బొక్క కనబడదు. తుప్పని రాయి, వస్తా." ఇబినాబో మళ్లీ చేయి ముంచి బొక్కను మూసిపట్టుకుంది.

"సైన్యంతో మనకెందుకే? ఊరు తగలబెడతారు!" అన్నాడు ఊరి పెద్ద.

"తగలబెట్టడానికేం మిగిలింది పెద్దయ్యా? నీళ్లే అంటుకునేలా ఉన్నాయి," అంటూ ముసలి అవోబా కూడా దిగింది. ఆమె వెనక ఇంకో పదిమంది.

నీళ్లు నడుం దాటాయి. ఒక్పారా సార్జెంటు వైపు చూశాడు. ఇద్దరు సైనికులు దిగి ఇబినాబోను జుట్టు పట్టి ఈడ్చారు.

"చేయి తియ్యకండి! బొక్క మీంచి చేయి తియ్యకండి!" అని అరిచింది ఇబినాబో.

ఆమె చేయి ఉన్నచోట, వెనకే గుంటలోకి దిగిన బెలెమా చేయి పెట్టింది. "నేను పట్టుకున్నా పిన్నీ!"

ఇబినాబో చేతులు కట్టి పడవలో పడేశారు. పడవ పాయ మధ్యకొచ్చాక కూడా గుంటలోంచి ఒకటే కేక వినబడుతోంది. "తుప్పు! తుప్పు!"

అవతలి ఒడ్డున వేరే ఊరి ఆడవాళ్లు మడచెట్ల మధ్య వంగి నత్తలు వెతుకుతున్నారు. పోయినేడు వాళ్ల కాగితం మీదా దొంగలనే రాశారు. కేక విని నడుం నిలబెట్టారు.

"ఎక్కడే బొక్క?" అని అరిచింది ఒకామె.

సార్జెంటు తన నోరు నొక్కేలోపే ఇబినాబో జవాబిచ్చింది. "అడుగున! మీది కూడా తడమండి!"

వాళ్లు బుట్టలు అక్కడే దింపి తమ ఊరి పైపు వైపు నడిచారు.