ఎడమకి లాగే లారీ

"కత్తి మేకుకి తగిలించావా?" అని అత్త అడిగింది.

రోజూ అడిగే మాటే. గిన్నెలన్నీ తోమాక, ఆఖరున ఆ పెద్దకత్తి కడిగి, తుడిచి, పిడికి కాస్త పైన ఉన్న గుండ్రటి బెజ్జంలో మేకు దూరేలా గోడకి తగిలిస్తేగాని ఆ ఇంట్లో వంటపని అయినట్టు కాదు. మామూలు కత్తి కాదది. వీపు చిటికెనవేలంత మందం. గుమ్మడికాయ మీద పెట్టి ఒక్క నొక్కు నొక్కితే చాలు. మామ ఒకప్పుడు కమ్మరిచేత చేయించి తెచ్చాడు. కాపురం మొత్తంలో ఆయన అత్తకంటూ తెచ్చిన వస్తువు అదొక్కటే. అందుకే ఆవిడ దాన్ని చంటిబిడ్డలా చూసుకునేది.

కోడలు పెద్దగిన్నెతో కుస్తీ పడుతోంది. పొద్దున మొగుడు అందులో డీజిలు పోసి లారీ బోల్టులు నానబెట్టాడు. అంచున పట్టిన నల్లజిడ్డు సబ్బుకీ లొంగలేదు, బూడిదకీ లొంగలేదు. "వేరే గిన్నె దొరకలేదా?" అంటే, "గిన్నె గిన్నే కదా, కడిగితే పోతుంది" అన్నాడు. కడిగేదెవరో ఆ మాటలో లేదు. ఆ ఇంట్లో అన్నీ అలాగే జరిగేవి. బట్టలు వాటంతటవే ఆరేవి, కంచాలు వాటంతటవే లేచేవి, పక్కలు వాటంతటవే పరుచుకునేవి. కోడలు పొద్దున్నే లేచి అవన్నీ చేసి, బట్టల ఫ్యాక్టరీకి పోయి రోజంతా చొక్కాలు కుట్టి, వచ్చి మళ్ళీ మొదలుపెట్టేది. ఫ్యాక్టరీలోనూ అంతే. కుట్టుమిషను మొరాయిస్తే తనే మూత విప్పి సరిచేసుకునేది. "ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను? మెకానిక్కు ఉన్నది దేనికి?" అని సూపర్‌వైజరు అరిచేవాడు. మిషను నడిచేది. తిట్టు మిగిలేది.

లారీ మామది. "ఈ సంసారాన్ని లాక్కొచ్చింది నేనూ, నా బండీ" అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. లాగిందెవరో అత్తని అడిగితే తెలిసేది. ఎవరూ అడగలేదు. ఆయన పని మానుకున్నాక బండి పెరట్లో రేకుల షెడ్డు కింద పడి తుప్పు పట్టింది. కొడుకుది కుర్చీలో కూర్చునే ఉద్యోగం. ఓరోజు ఫోనులో ఎవరో పాతబండిని కొత్తది చేసిన వీడియో చూసి, "నాన్న లారీని అడుగున చాసీ నుంచి మళ్ళీ కడతా" అన్నాడు. మామ కళ్ళు తుడుచుకున్నాడు. స్నేహితులు దిగారు. సెలవు రోజుల్లో విప్పడం మొదలైంది.

విప్పడం సరదాపని. ఎవరైనా విప్పుతారు. ఆ సరదాలో కోడలి వంతు బల్బు పట్టుకోవడం. లారీ కింద పట్టపగలే చీకటి. పొడుగు వైరు చివర బల్బు పట్టుకుని ఆమె మోకాళ్ళ మీద కూర్చునేది. "ఇటు పట్టు. అటు కాదు. కళ్ళలో కొట్టకు. ఒక్క బల్బు పట్టుకోవడం కూడా రాదా నీకు?" స్నేహితులు ఆమెకి 'బల్బు వదిన' అని పేరు పెట్టారు. బల్బు వదినా, టీ. బల్బు వదినా, గుడ్డ. ఆమె ఉడుక్కోలేదు. బోల్టు విప్పేవాడికి ఆ బోల్టొక్కటే కనిపిస్తుంది. వెలుగు పట్టుకున్న మనిషికి చుట్టూ ఉన్నదంతా కనిపిస్తుంది. ఏ గొట్టం దేని కిందనుంచి వచ్చిందో, ఏ తీగ ఎటు వంగి ఎక్కడ కలిసిందో ఆమె చూసింది. వాళ్ళు విప్పినవన్నీ ఒకే డబ్బాలోకి విసిరేసేవాళ్ళు. వాళ్ళు పోయాక ఆమె వాటిని ఏరి, కడిగి, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన పేలికలతో మూటలు కట్టేది. ఇంజనువి ఎరుపు, గేర్లవి నీలం, బ్రేకులవి పసుపు. ఎందుకు కట్టిందంటే, చిందరవందరగా ఉన్నదాన్ని సర్దకుండా ఉండలేని చేతులు ఆమెవి. ఆ చేతుల్ని అలా తయారుచేసింది ఆ ఇల్లే.

ఇంజను దించారు. అక్కడితో ఆగింది. ఆరంభశూరత్వానికి అంతకంటే ఆయుష్షు ఉండదు. మొగుడు నడుం నొప్పన్నాడు, తర్వాత ఆఫీసులో పని ఎక్కువన్నాడు, తర్వాత ఏమీ అనడం మానేశాడు. రెండేళ్ళపాటు పెరడంతా ఇనుము. ఆ ఇనుము మధ్య దారి చేసుకుని అత్తాకోడళ్ళు బట్టలు ఆరేసుకునేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర మామ అన్నాడు, "పాతసామాన్ల వాణ్ణి రమ్మన్నాను. వచ్చే నెల మోసుకుపోతాడు."

"మంచిపని చేశావు నాన్నా. అయినా దాని చాసీయే వంకర. ఎడమకి లాగే బండి ఏం బాగుపడుతుంది?"

"చాసీ వంకర కాదురా, మీ అమ్మ బరువు. ఆ పక్కన కూర్చుని కూర్చుని బండినే ఒరగ్గొట్టింది." మామ నవ్వాడు. కొడుకూ నవ్వాడు. పెళ్ళైన నాటినుంచీ కోడలు వింటున్న హాస్యమిది. చుట్టాలొస్తే తప్పదు, పక్కింటివాళ్ళొస్తే తప్పదు. ఆ హాస్యం పుట్టాక ఆయన అత్తని బండి ఎక్కించుకోలేదట. సంతకి ఆవిడ బస్సులో పోయేది. అదే సంతకి అదే రోజున ఆయన ఖాళీబండి తోలుకుపోయేవాడు.

కోడలు గరిటె పట్టుకుని అత్త దగ్గరికొచ్చింది. అత్త కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "చాలమ్మా."

రెండోసారి వడ్డించుకోవడం ఆవిడ ఎప్పుడో మానేసింది. వయసుకొద్దీ ఆకలి చచ్చిందనుకునేది కోడలు. ఆ పూట ఆ మణికట్టు వైపు చూసింది. పుల్లలా ఉంది. ఆ చేతిని తక్కెట్లో వేస్తే ఒక లారీ ఒరుగుతుందా? విప్పకముందు షెడ్డులో నిలబడ్డ లారీ గుర్తొచ్చింది. లోపల ఎవరూ లేరు. ఏళ్ళ తరబడి ఎవరూ ఎక్కలేదు. అప్పుడూ ఎడమకే ఒరిగి ఉంది. ఎవరూ లేని బండి ఎవరి బరువుకి ఒరిగింది?

"సామాన్ల వాణ్ణి రావద్దనండి మామయ్యా" అంది. "నేను బిగిస్తాను."

కంచాల మీద చేతులాగాయి.

"కుక్కరు మూత అనుకున్నావా?" అన్నాడు మామ.

"పోనీలే నాన్నా, సరదా తీర్చుకోనీ. ఎలాగూ మూల పడి ఉన్నదే" అన్నాడు మొగుడు. "నీ పనులు మాత్రం ఆగకూడదు."

పనులు ఆగాయి. మొదట ఆగింది ఇస్త్రీ. తర్వాత మొగుడి టిఫినుడబ్బా. "నా డబ్బా ఏది?" అంటే, కోడలు లారీ కిందనుంచే, "గిన్నె గిన్నే కదా, సర్దుకుంటే అదే వస్తుంది" అంది. బల్బు పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. ఒక సెలవురోజు అత్త కొంగు దోపుకుని వచ్చి వైరు అందుకుంది. "ఎటు పట్టమంటావు?"

"మీకు ఎటు చూడాలనిపిస్తే అటు పట్టండి అత్తయ్యా."

చాసీ మీది తుప్పంతా వైరుబ్రష్షుతో గీకి, ఎర్రరంగు కొట్టారు ఇద్దరూ. వంకరో కాదో తేల్చడానికి కోడలు బట్టలారేసే తాడు విప్పి తెచ్చి, ఈ మూలనుంచి ఐమూలగా ఎదురుమూలకి, తర్వాత మిగిలిన రెండు మూలలకీ అలాగే పట్టి చూసింది. రెండు కొలతలూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. చొక్కా వీపుముక్క సరిగ్గా కత్తిరించారో లేదో ఆమె అలాగే చూసేది. చాసీ నిక్షేపంలా ఉంది. మరి వంకర ఎక్కడ?

కమాను విప్పినప్పుడు దొరికింది. బండి బరువు మోసేది కమాను. వంచిన ఇనుపపట్టీలు ఒకదాని మీదొకటి పేర్చి, నడిమధ్య బెజ్జాల్లోంచి ఒకే బోల్టు దూర్చి బిగిస్తారు. ముందు చక్రాల రెండు కమాన్లూ విప్పి పట్టీలన్నీ పొడుగుదాని పక్కన దానికంటే పొట్టిది వచ్చేలా నేలమీద పరిచింది. కుడివైపు వరస మెట్లలా చక్కగా దిగింది. ఎడమవైపు ఒక మెట్టు లేదు.

"ఒక పట్టీ తక్కువుంది అత్తయ్యా. ఎక్కడ పడేశారో, కాస్త ఆ మూల చూడండి."

అత్త వెతకలేదు. బల్బు కిందపెట్టి వంటింట్లోకి పోయింది. పెద్దకత్తి తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"దీన్ని చూడు. అప్పట్లో బండికి ఏదో పట్టీ విరిగిందని ఇంటికి తెచ్చాడు. 'పారెయ్యడమెందుకు, నీకు కత్తి చేయిస్తా' అన్నాడు."

కోడలు ఎడమకమాను నడిమి బోల్టు నిలబెట్టి, కత్తి బెజ్జాన్ని దానిమీదికి దించింది. వేలికి ఉంగరంలా దిగింది. ఇటూ అటూ ఒక్క పిసరు కదల్లేదు. గోడమేకుకి అన్నేళ్ళు వేలాడింది దాని చోటు వెతుక్కుంటూనేమో.

విరిగిన పట్టీ స్థానంలో మామ అప్పుడు కొత్తది వెయ్యలేదు. ఎడమవైపు బలం తగ్గింది. బండి ఒరిగింది. ఒరిగిన పాపం పక్కసీట్లో ఉన్న మనిషి ఒంటి మీద పడింది. ఆడలేక మద్దెల ఓడంటే మద్దెల కనీసం తిండి మానేయదు. ఈవిడ మానేసింది. తన మీద వేసిన నిందతోనే రోజూ కూరలు తరిగి, వేసినవాడికి వండిపెట్టి, ఆ నిందని శుభ్రంగా కడిగి మేకుకి తగిలించి పడుకుంది.

"ఆయనకి తెలుసంటావా?" అని అడిగింది అత్త.

"ఆయన్నే అడుగుదాం."

మామ వరండాలో కుర్చీలో ఉన్నాడు. కోడలు కత్తిని ఆయన ఒళ్ళో పెట్టింది. "పట్టీ తీసి మళ్ళీ వెయ్యలేదేం మామయ్యా?"

ఆయన కత్తినీ, పెళ్ళాన్నీ, కోడలినీ మార్చి మార్చి చూశాడు. "అప్పట్లో తీరికేదీ? ఈ వారం, వచ్చే వారం అనుకుంటూనే..."

"మరి అత్తయ్య బరువు?"

"అదా! సరదాకన్నానమ్మా. సరదాకన్న మాట కూడా పట్టుకుంటారా?"

"నేను పట్టుకున్నాను" అంది అత్త. "కడుపు మాడ్చుకుని మరీ పట్టుకున్నాను."

ఆయన ఇంకేదో అనబోయాడు. అత్త వినకుండా పెరట్లోకి వెళ్ళి బల్బు అందుకుంది. ఆవిడ క్షమించలేదు. క్షమించి తీరాలన్న రూలు ఎక్కడా లేదు.

ఆ తర్వాత పని ఊపందుకుంది. కమ్మరి కొత్తపట్టీలు వంచి ఇచ్చాడు. కోడలు రెండువైపులా కొత్తవే వేసింది. అరిగిన ఇంజను బ్లాకుని తోపుడుబండి మీద లేతుషాపుకి తీసుకుపోతే మేస్త్రి అటూ ఇటూ చూసి, "మీ ఆయన్ని పంపమ్మా, చెప్తాను" అన్నాడు. "ఆయనకి చెప్తే ఆయనొచ్చి నాకు చెప్పాలి. మధ్యలో సగం పోతుంది. నాకే చెప్పండి" అంది. మేస్త్రి నవ్వి కుర్చీ వేశాడు. ఎరుపు మూటలు విప్పింది, నీలం మూటలు విప్పింది, పసుపు మూటలు విప్పింది. ఒక్క బోల్టు తక్కువ కాలేదు. పిస్టన్లు తప్పుగా దించి మళ్ళీ మొత్తం పైకి తీసిన రోజున చక్రానికి ఆనుకుని కాసేపు ఏడ్చింది. ఏడ్చాక మళ్ళీ దించింది. సీట్లు తనే కుట్టింది. ఎడమసీటుకి దూది కాస్త ఎక్కువ పెట్టి కుట్టింది. మధ్యలో పెద్దబండ్లు నేర్పే చోట చేరింది. "కారు నేర్చుకోరాదూ?" అన్నాడు నేర్పేవాడు. "కారు లేదు. లారీ ఉంది" అంది. లైసెన్సు వచ్చింది.

నడిపే రోజున మొగుడు స్నేహితులందర్నీ పిలిచాడు. ఆఫీసులో 'నా లారీ' అని ఫొటోలు చూపించాడట. లారీ పెరట్లో నీలిరంగుతో నిలబడి ఉంది. కోడలు గిన్నెనిండా అంచుదాకా నీళ్ళు పోసి బానెట్టు మీద పెట్టింది. డీజిలు మరక ఇంకా పోని పెద్దగిన్నె. నీళ్ళు ఏ పక్కకీ ఒలకలేదు.

"తాళం ఇవ్వు. మావాళ్ళు చూస్తున్నారు" అన్నాడు మొగుడు మెల్లిగా.

"లారీ లైసెన్సుందా మీకు?"

"పెరడు దాటేదాకానే."

"పెరడు దాటేదాకా మీరు నడిపారు కదా, రెండేళ్ళు. దాటిందా?"

స్నేహితుల్లో ఒకడు పగలబడి నవ్వాడు. "బల్బు వదిన భలే పెట్టింది!"

"బల్బు అక్కడుంది" అని కోడలు షెడ్డు గుంజ వైపు చూపించింది. "ఖాళీగానే ఉంది. ఎవరైనా పట్టుకోవచ్చు."

గిన్నె దించి మొగుడి చేతికిచ్చింది. అతని చేతిలో అది ఒలికింది.

అత్త అప్పటికే ఉతికిన చీర కట్టుకుని, చేతిలో సంచితో ఎడమవైపు తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎత్తు మెట్టు. కోడలు చెయ్యందించబోతే వద్దని, తనే పట్టుకుని ఎక్కింది. కూర్చుని, సీటుని అరచేత్తో నొక్కి చూసుకుంది.

మామ చెప్పులేసుకుని వచ్చాడు. మొదటి ప్రయాణం తనదేననుకున్నాడు. ఎడమ తలుపు దగ్గర నిలబడి, "కాస్త జరుగు" అన్నాడు.

అత్త జరగలేదు. కిటికీలోంచి ఆయన్ని కిందికి చూసింది. అంత ఎత్తునుంచి ఆయన్ని చూడడం ఆవిడకదే మొదటిసారి. "మీరొద్దు లెండి. మీరెక్కితే ఎడమకి లాగుతుంది. కత్తి మేకుకే ఉంది. మేమొచ్చేసరికి కూరలు తరిగి ఉంచండి."

కోడలు తాళం తిప్పింది. ఇంజను ఒకసారి దగ్గింది, నల్లపొగ మొగుడి స్నేహితుల తెల్లచొక్కాల మీదుగా పోయింది. తర్వాత నిలకడగా అందుకుంది. ఆ మోత కాళ్ళలోంచి పైకెక్కి ఆమె దవడల్లో ఆగింది. నవ్వుతున్నానని అప్పుడు తెలిసింది ఆమెకి. రేపటినుంచి ఫ్యాక్టరీకి బట్టల బేళ్ళు తోలడానికి మాట్లాడుకుంది. ఇన్నాళ్ళూ పక్కవాకిట్లోంచి లోపలికి పోయిన మనిషి, రేపు హారను కొట్టి పెద్దగేటు తీయించుకుంటుంది. తీసి పట్టుకోవలసింది సూపర్‌వైజరే.

వీధులు దాటారు. ఊరు దాటారు. తిన్నటి రోడ్డొచ్చింది. ముందూ వెనకా ఎవరూ లేరు. కోడలు ఒక్క క్షణం స్టీరింగు మీదినుంచి రెండు చేతులూ పైకెత్తింది. లారీ ఎడమకి పోలేదు. కుడికీ పోలేదు. గీసిన గీతలా ముందుకే పోయింది.

"చూశారా అత్తయ్యా?"

అత్త చూసింది. సంచిలోంచి అరటిపండు తీసి, వలుచుకుని తిన్నది. తొక్క కిటికీలోంచి విసిరేసి, చీరకి చేతులు తుడుచుకుని, ఇంకో పండు వలిచింది.