ముందు నిలబడేవాడి డాలు

ఆదివారం మధ్యాహ్నం రాక్షసుడు కూలాడు. హెడ్‌ఫోన్లలో అందరూ ఒక్కసారిగా కేకలు వేశారు. ఆ కేకలు సద్దుమణగకముందే తెరమీద డాలు మెరిసింది. నల్లటి అంచు, నడుమ ఎర్రరాయి. ‘అగ్నికోట’ ఆటలో దాన్ని మించిన డాలు లేదు. దానికోసమే వాళ్లు వారాల తరబడి ఆ రాక్షసుడి మీదికి పోయారు, చచ్చారు, మళ్లీ పోయారు, మళ్లీ చచ్చారు.

కావాలనేవాళ్లు ఇద్దరు. డాలు ఒక్కటే.

శంషాబాద్ బస్టాండు వెనక అద్దెగదిలో, మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న అనుపమ జట్టువాళ్ల పేర్ల జాబితా తెరిచింది. దొరికిన సొత్తు పంచే బాధ్యత ఆమెది. ఎవరి పేరు మీద నొక్కితే డాలు వాళ్లకే పోతుంది. పోయాక వెనక్కి రాదు. నొక్కడానికి ఆట ఇచ్చే గడువు కూడా కొద్దిసేపే.

“చెల్లె, నా పేరు మీద నొక్కు,” అన్నాడు కొండల్.

“పాయింట్లు నాకే ఎక్కువున్నాయి,” అన్నాడు కార్తీక్. “అవునో కాదో మీరే చెప్పండి అనుపమగారూ.”

అవును. ఆమెకు మింగుడుపడనిదీ అదే.

ఆ జట్టు పేరు దక్కన్ దండు. దానికి పెద్ద సుధీర్. భీమవరం నుంచి వచ్చి బుద్వేల్‌లో స్థిరపడ్డ కుటుంబం, మంచి ఉద్యోగం, మెత్తటి మాట. మొన్నమొన్నటి దాకా పంపకం అతని చేతిలోనే ఉండేది. “అందరినీ చూసుకునే ఇస్తాను కదండీ,” అనేవాడు. ఆ అందరిలో అతని కంటికి ముందుగా ఆనేది బావమరిది కార్తీకే. కత్తి దొరికినా కార్తీక్‌కే, గుర్రం దొరికినా కార్తీక్‌కే.

కొండల్‌ది కొత్వాల్‌గూడ. ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. ఆటలో అతని పని అందరికంటే ముందు నిలబడి రాక్షసుడి దెబ్బలన్నీ తన మీదికి తీసుకోవడం. అతను పడితే వెనకున్నవాళ్లంతా పడతారు. అతని గాయాలు ఎప్పటికప్పుడు మాన్పుతూ నిలబెట్టడం అనుపమ పని. దగ్గర్లోని కందుకూరు నుంచి వచ్చి ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం చేస్తున్న ఆమెను ఆ జట్టులోకి తెచ్చిందీ అతనే. అతనికి చిల్లుల డాలే గతి అవుతుంటే చూడలేక ఒకరోజు ఆమె అందరి ముందూ సుధీర్‌ని నిలదీసింది.

“సుధీర్‌గారూ, ఇది జట్టా, మీ అత్తగారిల్లా?”

సుధీర్ మాట మెత్తదనం ఆ రోజే పోయింది. “అంత న్యాయం తెలిసినవారైతే మీరే పంచండి. నేనూ చూస్తాను,” అన్నాడు.

ఆమె సరేనంది. యుద్ధానికి వచ్చినవాళ్లకు వచ్చినందుకు పాయింట్లు. ఏదైనా తీసుకుంటే పాయింట్లు తరుగుతాయి. ఎవరికి ఎక్కువ ఉంటే వాళ్లది మొదటి హక్కు. ఇందులో మొహం చూసి ఇచ్చేదేమీ లేదు. అందరికంటే ఎక్కువ సంబరపడింది కొండలే.

అయితే, ముందు నిలబడాలంటే శిరస్త్రాణం కావాలి, కవచం కావాలి, ఇనుప జోళ్లు కావాలి. దొరికిందల్లా తీసుకోకపోతే కొండల్ నిలబడలేడు, అతను నిలబడకపోతే ఎవరూ బతకరు. అలా అతని పాయింట్లు కరిగిపోయాయి. సుధీర్ హయాంలోనే అన్నీ సమకూర్చుకున్న కార్తీక్ కొత్తగా ఏదీ ముట్టుకోకుండా పాయింట్లు కూడబెట్టాడు. అతను తప్పిన నియమం ఒక్కటీ లేదు. వెనక నిలబడి కత్తి తిప్పే మనిషికి ఆ డాలుతో పని లేదన్నది వేరే సంగతి.

“సోచాయిస్తున్నవేంది చెల్లె?” కొండల్ గొంతు పెరిగింది. “దెబ్బలు దిన్నది నేను. వాడు యాడ నిలబడ్డడో నీకు తెల్వదా?”

“బెదిరిస్తున్నాడు చూడు బావా,” అన్నాడు కార్తీక్.

ఆమె ఎప్పుడు తప్పు చేస్తుందా అని సుధీర్ కాచుక్కూర్చున్నాడు. ఆ సంగతి అనుపమకు తెలుసు. పళ్లు బిగించి కార్తీక్ పేరు మీద నొక్కింది.

“నిన్ను నమ్మిన గదనే!” అని అరిచి కొండల్ జట్టులోంచి వెళ్లిపోయాడు.

“చూశారా?” అన్నాడు సుధీర్ తీరిగ్గా. “లెక్కలతో ఇంతే. పంచేవాడికి మనసుండాలి. నేనైతేనా...”

“మీరైనా కార్తీక్‌కే ఇచ్చేవారు,” అంది అనుపమ.

మర్నాడు డ్యూటీ దిగి కార్గో గేటు బయటికొచ్చేసరికి చాయ్ బండి పక్కన కొండల్ క్యాబ్ ఆపుకుని ఉన్నాడు. ఆమె కోసమే వచ్చాడని మొహం చూస్తేనే తెలిసింది.

“నీకూ సుధీర్‌కు ఫరకేంది?” అన్నాడు ఎదురొచ్చి. “ఆయన మొఖం జూసి ముంచిండు. నువ్వు మొఖం జూడకుండ ముంచినవ్. మునిగింది నేనే గదా.”

“నీకోసం ఆఖరి నిమిషంల రూల్ మారిస్తే నేను గూడ సుధీర్ లెక్కనే అయిత గదన్నా.”

“అన్నా అనకు.” చాయ్ గ్లాసు బండి మీద ఠక్కున పెట్టాడు. చాయ్ తాగుతున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. “రూల్ రాసేటప్పుడు ముంగట నిలబడెటోడు గుర్తురాలే నీకు. సిగ్గుండాలె.”

ఆమెకు కోపం ముంచుకొచ్చింది. అందరూ ఒప్పుకున్నప్పుడు నువ్వూ ఒప్పుకున్నావు కదా అనబోయింది. కానీ అతనన్నది నిజం, ఆమెకు గుర్తురాలేదు. అప్పటికే కొండల్ క్యాబ్ ఎక్కి వెళ్లిపోయాడు.

ఆటలో కూలిన రాక్షసుడు వారానికోసారి మళ్లీ లేస్తాడు. తర్వాతి ఆదివారం కార్తీక్ కొత్త డాలు పట్టుకుని ముందు నిలబడ్డాడు. రాక్షసుడు చెయ్యెత్తగానే వెనక్కి ఉరికాడు. వెనకున్నవాళ్ల మీదికే రాక్షసుణ్ని తెచ్చిపెట్టాడు. అందరూ పడ్డారు. మళ్లీ వెళ్లారు, మళ్లీ పడ్డారు.

“ఈవిడ కావాలనే నా గాయాలు మాన్పకుండా వదిలేస్తోంది!” అని అరిచాడు కార్తీక్.

“నేను వదల్లే. నీకు నిలబడుడు రాదు,” అంది అనుపమ.

ఇక ఎవరి నోటికీ అడ్డులేకపోయింది. కొండల్‌ని పోగొట్టింది నువ్వేనని కొందరు ఆమె మీద పడ్డారు. పనికిరానివాడి చేతిలో డాలు పెట్టారని కొందరు కార్తీక్‌ని తిట్టారు. ఆ గోలంతా కాసేపు సాగనిచ్చి సుధీర్ గొంతు సవరించుకున్నాడు.

“పంపకం మళ్లీ నేనే చూసుకుంటాను. ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటా.”

“నాకున్నది,” అంది అనుపమ. “రూల్‌ల బొక్క ఉన్నది, నిజమే. బొక్క పూడుస్తం గానీ రూల్‌నే పారేస్తమా? ముంగట నిలబడెటోనికి అక్కరకొచ్చే సామాను ముందు వానికే. వానికి పాయింట్లు తరగవు. వాడకుండ దాచిన పాయింట్లు నెలనెలా కొన్ని తగ్గుతయ్. ఇప్పటిదాకా ఇచ్చినదాని జోలికి పోం. ఓట్లేయండి.”

“ఇది నన్ను చూసి పెట్టిన రూలు!” అన్నాడు కార్తీక్.

“అవును, నిన్ను జూసినంకనే తెలిసింది,” అందామె.

ఓట్లు స్వల్ప తేడాతో ఆమె వైపు పడ్డాయి. ఆ సాయంత్రమే కార్తీక్ డాలు పట్టుకుని వేరే జట్టులో చేరిపోయాడు. సుధీర్ ఆమెకు ఫోన్ చేశాడు.

“మా బావమరిదిని వెళ్లగొట్టారు. ఇంట్లో మా ఆవిడకు నేనేం చెప్పాలండీ?”

“డాలు ఆయన దగ్గరే ఉన్నదని చెప్పండి,” అని ఫోన్ పెట్టేసింది.

తర్వాత సెలవురోజున కొత్వాల్‌గూడ వెళ్లింది. వాకిట్లో కొండల్ తల్లి అమృతమ్మ చిక్కుడుకాయలు గిల్లుతోంది. అనుపమ పేరు చెప్పగానే, “వాడు ఇంట్ల లేడని చెప్పమన్నడు బిడ్డా,” అంది ఏ కల్మషమూ లేకుండా.

లోపల్నుంచి కొండల్ విసురుగా బయటికొచ్చాడు. “మాఫీ అడగనీకొచ్చినవా?”

“డాలు ఆయనకిచ్చినందుకు అడగ. ఆ రోజు రూల్ గదే. రూల్ రాసేటప్పుడు నిన్ను మర్చిపోయిన. దానికి అడుగుతున్న.” కొత్త నియమం చెప్పింది.

“డాలు వాపస్ వస్తదా?”

“రాదు.”

“ఇగ నాకేమొచ్చె?”

“ఏమీ రాలే. మళ్ల దొరికితే నీకొస్తది. దొరుకుతదో లేదో తెల్వదు.”

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. అమృతమ్మ ఇద్దర్నీ మార్చిమార్చి చూసి, “కొట్లాడితే కొట్లాడుండ్రి గానీ, జర కూసొని కొట్లాడుండ్రి,” అంది. ఇద్దరూ కూర్చోలేదు.

“వస్త,” అన్నాడు కొండల్ చివరికి. “నీకోసం గాదు. వేరే జట్టుల నన్నెవ్వడూ ఎరగడు. నాతోని మాట్లాడకు. నీ పని నువ్వు జెయ్, నా పని నేను జేస్త.”

ఆదివారం నాడు అన్నట్టే వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. “నిలబడ్డ. కానియ్యుండ్రి,” అన్నాడంతే. పాత చిల్లుల డాలుతోనే రాక్షసుడి ముందు నిలబడ్డాడు. దెబ్బ పడ్డప్పుడల్లా అనుపమ వేళ్లు పరుగెత్తాయి. రెండుసార్లు అందరూ పడ్డారు. మూడోసారి రాక్షసుడు కూలాడు.

ఈసారి దొరికింది పట్టు అంగీ, మంత్రాలు వేసేవాళ్లకు పనికొచ్చేది. కార్తీక్ పోయాక జట్టులో ఎక్కువ పాయింట్లున్నది మంత్రాలు వేసే సుధీర్‌కే.

అనుపమ సుధీర్ పేరు మీద నొక్కింది. అతను థాంక్స్ కూడా చెప్పలేదు. కొండల్ అప్పటికే వెళ్లిపోయాడు. ఆమె హెడ్‌ఫోన్లు తీసి మంచం మీద పడేసి, అన్నం పెట్టుకోవడానికి లేచింది.