కాగితంలో లేని ముద్దలు

"చేప ముక్క నూనె లేకుండా కాల్చి, పక్కన ఉడికించిన కూరగాయలు పెట్టండి. వెన్న వద్దు," అని ఆమె సర్వరుకు చెబుతుంటే భర్త మెనూకార్డు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"డబ్బిచ్చి మరీ పథ్యం తినడమేంటి? నలుగురిలో పరువు పోతోంది."

ఆ రోజు అత్తగారి పుట్టినరోజు. "మా రోజుల్లో డైటింగులెక్కడివి? ఇంటిపని చేస్తే ఒళ్ళు అదే తగ్గేది," అందావిడ. ఆ ఇంటిపని ఇప్పుడెవరు చేస్తున్నారో మాత్రం చెప్పలేదు.

మందుల షాపు కౌంటర్లో రోజంతా నిలబడి కోడలికి మోకాళ్ళు అరిగాయి. డాక్టరుగారు బరువు తగ్గమన్నారు. రోజంతా ఏం తింటుందో రాసి తీసుకెళ్తే, డైటీషియన్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంతే తింటే ఇంత బరువెలా వస్తుందమ్మా?" అంది. దొంగతనం అంటగట్టినంతగా ఆమెకు తల కొట్టేసినట్టయింది. పిల్లమీద ఒట్టేసి చెప్పమన్నా తను తినేది అంతే మరి.

ప్రత్యేకంగా చెప్పింది కదా, ఆమె ప్లేటు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే మిగతావాళ్ళ పొట్టలు నిండాయి. కూతురు సగం నూడుల్స్ ఇటు జరిపింది. "అమ్మా, నాకు చాలు." అత్తగారు వేయించిన కోడిని తోసింది. "మరీ కారం. నువ్వు తినెయ్, పారేస్తే పాపం." భర్త తన పాస్తా కూడా చేర్చాడు. "ఈ నాలుగు ముద్దలూ లాగించెయ్."

ఆమె చెయ్యి దానంతటదే కోడిముక్క మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. పొద్దున పిల్ల వదిలేసిన రొట్టెముక్కలు, అత్తగారి గిన్నెలో అడుగున మిగిలిన కూర, ఆయన బయట తినొచ్చిన రోజు మిగిలిపోయిన అన్నం. ఇవేవీ ఆమె కాగితం మీద రాయలేదు. తిండి అని తోస్తే కదా రాయడానికి? గిన్నెలు కడగడంలో భాగమనుకుంది.

ఆమెకు పకపకా నవ్వొచ్చింది.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"ఏం లేదు. ఇన్నేళ్ళూ మీ బరువు నేను మోశాను," అంటూ మూడు ప్లేట్లనూ ఎవరివి వాళ్ళ ముందుకు జరిపింది.

"మరి ఇదంతా ఎవరు తింటారు?"

"ఎవరు తెప్పించుకుంటే వాళ్ళు."

ముందు కూతురు తన నూడుల్స్ దగ్గరికి లాక్కుంది. అత్తగారు కోడిముక్క కొరికి, "అంత కారమేం లేదులే," అంది. భర్త పాస్తాను చెంచాతో కెలుకుతూ కూర్చున్నాడు.

ఆమె చేపను తుంచింది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో, పొగలు కక్కుతుండగా ఆమె నోట్లో పెట్టుకున్న మొదటి ముద్ద అది. నాలుక చుర్రుమంది. అయినా ఊదుకోలేదు.