ఎష్రత్ పక్కన చోటు

తివాచీలకు పేరుపడ్డ కాషాన్‌లో తూబాకి రోజూ ఒకటే పని. టీ కాచి, గడప పక్కన బొంత వేసుకుని, ఊళ్ళోవాళ్ళ చిరిగిన తివాచీలకు ముడులు వేసేది.

ఇంట్లో పరిచిన నీలం తివాచీ జోలికి మాత్రం పోయేది కాదు. మొగుడి ముత్తవ్వ నేసింది. నూరేళ్ళు తొక్కగా తొక్కగా పట్టులా మెత్తబడింది; పువ్వుల్లో మంజిష్ఠ వేరు రంగు ఎరుపు నిగ్గుతేలింది. తను ఇంటిమనిషి అనుకున్నవాళ్ళకి ఆ తివాచీ తనంతట తానే ఒక పువ్వు పూసేది. ముత్తవ్వ నేసిన పువ్వులు పన్నెండు. ఇప్పుడు ముప్పై ఒకటి.

కిటికీ దగ్గరిది ఎష్రత్‌ది. ఎష్రత్ మొగుడి మొదటి భార్య, పోయి తొమ్మిదేళ్ళు. మొగుడు ఆ పువ్వును తొక్కకుండా చుట్టు తిరిగి నడిచేవాడు. పదమూడేళ్ళ సవతి కూతురు మోనీరె దానిమీద చెంప ఆనించి పడుకునేది. సవతి మట్టిబొమ్మయినా ఓర్వలేరంటారు. తూబాకి అది పువ్వయింది. దుమ్ము దులిపేటప్పుడు అక్కడ రెండు దెబ్బలు ఎక్కువ వేసేది.

ఆడబిడ్డ బతూల్ ఊరుకునేదా! "ఎనిమిదేళ్ళయింది వదినా, మొగ్గయినా లేదే! మాది గొడ్డునేల కాదే!"

"నీ నోటికి జడిసి మొలవలేదేమోలే," అంది తూబా.

అంది కానీ, ఈ కొత్తేటి పండగ నౌరూజ్‌కీ పూయకపోతే పుట్టింటికి పోదామనుకుంది. ఈలోగా ఒకరోజు ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఎష్రత్ పువ్వు పక్కన నీలం ముడులు పీకి, తన పువ్వు తనే వేసుకుంది. ఎష్రత్‌దానికన్నా పెద్దది, ఎర్రటిది. తొందరలో బజారు రంగు ఉన్ని వాడింది.

"వచ్చిందే!" అని బతూల్ నోరు తెరిచింది. మోనీరె వంగి ఆ ముడులు వేలితో తడిమి చూసింది.

పండక్కి వారం ముందు తివాచీని కాలువలో ఉతికారు. తూబా పువ్వు నీళ్ళలో రంగు వదిలేసింది. ఆ ఎరుపు ఎష్రత్ పువ్వంతా పులుముకుంది. ఒడ్డున ఆడవాళ్ళంతా చూశారు.

"సొంత సేద్యమా వదినా!" బతూల్ పగలబడి నవ్వింది.

తివాచీ ఆరి, ఇంట్లో పరిచిన రోజున తూబా చాదోర్ ముసుగు కప్పుకుని పుట్టింటికి బయల్దేరింది.

"పిన్నీ," వెనకనుంచి మోనీరె. "ఈ ఎనిమిదేళ్ళలో ఈ తివాచీమీద ఒక్కసారి కూర్చున్నావా?"

"మీ అమ్మ కూర్చుందిగా."

"ఇటు చూడు."

ఎష్రత్ పువ్వు దాని చోట లేదు. మూరెడు అవతలికి పోయి, రేకులు దగ్గరికి తీసుకుని ఉంది. ఎర్రమరకనూ తనతోనే పట్టుకుపోయింది. కిటికీ దగ్గర తూబా వేసిన ముడుల జాడ కూడా లేకుండా ఒట్టి నీలం, మనిషి కూర్చునేంత.

తూబా గడప దగ్గరనుంచి వెనక్కి వచ్చింది.

"అమ్మ జరిగింది," అంది మోనీరె. "కూర్చో."