తలుపులక్క

“ఐదు... ఆరు... ఏడు.”

తలుపు చౌకట్లోకి చేరింది. తాళం నాలుక టక్కున పడింది. పాఠం తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లను చూసినట్టు దాన్ని చూసి, తలుపులక్క నిచ్చెన మడిచి భుజానికెత్తుకుంది.

ఆ మునిసిపల్ ఆఫీసు భవనంలో అలాంటి తలుపులు నలభై ఒకటి. పైకి మామూలువే. లోపల మాత్రం నిప్పును ఆపే పలకలుంటాయి. ఒకవైపు అంటుకున్నా రెండో వైపుకు గంటసేపు మంటను రానివ్వవు. అయితే అవి మూసి ఉండాలి. ఆ పనికి మనుషుల్ని నమ్మలేం కాబట్టి ప్రతి తలుపు నెత్తినా ఒక ఇనప చెయ్యి ఉంటుంది. తొందరపడితే ఎవరి వేళ్ళో నలుగుతాయి, బద్ధకిస్తే పొగ దూరుతుంది. ఏడు లెక్కపెట్టేసరికి తలుపు తనంతట తనే మూసుకునేలా ఆ చేతిని సరిచేయడం ఆమె పని.

ముప్ఫై ఒక్కేళ్ళ కిందట తలుపుల కంపెనీలో ఊడ్చే పనికి చేరింది. ఒకరోజు మేస్త్రీ నిచ్చెన మీది నుంచి స్క్రూడ్రైవర్ అడిగితే, అందిస్తూ “ఐదుకే మూసుకుంటోందండీ” అంది. మేస్త్రీ కిందికి దిగాడు. ఆమె చేతిలోని చీపురు తీసి గోడకు ఆనించి, స్క్రూడ్రైవర్ తిరిగి ఆమెకే ఇచ్చాడు.

ఇంట్లో తలుపులు మాత్రం ధనాధనా కొట్టుకుంటాయి. బస్సు నడిపి నడిపి ఇప్పుడు ఇంటిపట్టునుంటున్న భర్త, “ఊళ్ళో తలుపులన్నిటికీ మర్యాద నేర్పావు. మన స్నానాలగదిది మాత్రం నీ మాట వినదు” అంటాడు.

“దానికి నీ పోలిక వచ్చింది” అంటుంది.

నాలుగో అంతస్తు చివర రికార్డుల గది. ఊళ్ళో ఎవరెప్పుడు పుట్టిందీ, ఎవరెప్పుడు పోయిందీ రాసిన పుస్తకాలు కప్పుదాకా ఉంటాయి. వాటి గుమాస్తాకు యాభై దాటాయి. సన్నటి చేతులు, నొప్పి మోకాలు. మనుషులతో మాట్లాడాలంటే చెమటలు పడతాయి గానీ, ఏ పుస్తకం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతాడు. రోజంతా కట్టలు మోస్తూ ఆ బరువు తలుపును తోయలేక దానికి ఇటుక అడ్డం పెట్టేవాడు. తలుపులక్క ఒకటి పట్టుకుపోతే మర్నెలకు ఇంకోటి మొలిచేది. పదకొండేళ్ళుగా ఇదే తంతు.

“నీ ఇటుకలతో మా పెరట్లో అరుగు కట్టించా తమ్ముడూ. ఓసారొచ్చి కూర్చో.”

“చేతినిండా కట్టలు పెట్టుకుని మీరొక్కసారి తోసి చూడండక్కా, తెలుస్తుంది.”

పోయిన నెల ఆమె నిజంగానే తోసి చూసింది. ఎనిమిది కట్టలు ఎత్తుకుని భుజంతో, నడుంతో, చివరికి తలతో నెట్టింది. కట్టలన్నీ జారి నేలపాలయ్యాయి. ఆమె వాటి మధ్య చతికిలబడి, “తప్పు నాదే” అంది.

అగ్నిమాపక శాఖ తనిఖీ అధికారి రేపు వస్తున్నాడు. ఇప్పటికే రెండుసార్లు హెచ్చరించాడు. మూడోసారీ తలుపు తెరిచి కనిపిస్తే గుమాస్తాను కింద జనం నిలబడే కౌంటరుకు మార్చేస్తారు. ఆ మాట తలుచుకుంటేనే అతనికి అన్నం దిగడం లేదు.

తలుపులక్క సంచిలోంచి పిడికెడంత అయస్కాంతం తీసింది. పడగొట్టేసిన సినిమాహాలు తలుపులకు ఉండేది. కంపెనీ పాత సామాన్లలో పడి ఉంటే బతిమాలి తెచ్చుకుంది. గోడలోంచి తీగలు ఎలక్ట్రీషియన్ నిన్ననే లాగి వెళ్ళాడు. ఆమె దాన్ని గోడకు బిగించి, తలుపుకు ఇనప బిళ్ళ కొట్టింది. తోయగానే తలుపు వెళ్ళి అతుక్కుని అలాగే నిలబడిపోయింది.

“అగ్గి గంట మోగిందంటే దీనికి కరెంటు పోతుంది. వెంటనే తలుపును వదిలేస్తుంది. ఇక తెరిచి ఉన్నా తనిఖీలో తప్పు కాదు. నొక్కు!”

గుమాస్తా గోడకున్న పరీక్ష మీట నొక్కాడు. గంట మోగింది. అయస్కాంతం పట్టు వదిలింది. ఒకటి, రెండు, మూడు... ఐదు దగ్గర తలుపు ఆగిపోయింది. బెత్తెడు సందు.

అతని మొహం పాలిపోయింది. “అయిపోయిందక్కా. నా పని అయిపోయింది.”

“కంగారెందుకయ్యా? కొత్తచోట నడక అలవాటు పడొద్దూ?” అంటూ ఆమె నిచ్చెనెక్కి ఇనప చేతి మర అర చుట్టు తిప్పింది. చెవి దగ్గరపెట్టి విని, ఇంకో పావు చుట్టు తిప్పింది.

ఈసారి ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. ఏడు అనేసరికి టక్కుమంది.

గుమాస్తా లోపలే ఉండిపోయాడు. తలుపుకున్న గాజు పలకలోంచి చూస్తే, అంత బిడియస్తుడూ రెండు చేతులూ పైకెత్తి, మోకాలి నొప్పి మరిచి, బీరువాల మధ్య గెంతుతున్నాడు. తలుపులక్క కడుపు పట్టుకుని నవ్వింది. తలుపును మళ్ళీ అయస్కాంతానికి అతికించాక అతను ఊరికే ఒక కట్ట ఎత్తుకుని బయటికీ లోపలికీ మూడుసార్లు తిరిగాడు.

“వచ్చే నెల మీరొచ్చేసరికి టీ పెట్టి ఉంచుతానక్కా. ఎదురు చూస్తుంటా.”

ఆమె నిచ్చెన మడుస్తూ, “వచ్చే నెల నేను రాను తమ్ముడూ. ఇవాళ్టితో సరి. ఈ భుజం ఇక పైకి లేవనంటోంది” అంది.

అతను చేతిలోని కట్ట బల్ల మీద పెట్టాడు. “మరి... రేపట్నుంచి ఏం చేస్తారు?”

“ఎనిమిదింటిదాకా పడుకుంటా. లేచాక మా స్నానాలగది సంగతి తేలుస్తా.”

కింద బండి హారను రెండుసార్లు మోగింది. “మా ఆయన! బస్సు మానేసినా హారను మానడు” అంటూ ఆమె మెట్ల వైపు నడిచింది. మెట్ల తలుపు ఆమె వెనక నెమ్మదిగా మూసుకుంది.

గుమాస్తా కిటికీలోంచి చూశాడు. బండి వెనక నిచ్చెన అడ్డంగా పట్టుకుని, భర్త చెవిలో ఏదో చెప్పి, ఆమె పగలబడి నవ్వుతోంది. గుమాస్తా పిలిచేలోపే బండి మలుపు తిరిగిపోయింది.

అయస్కాంతం దగ్గర పాడవుతుందని ఎప్పుడు తీసి పెట్టిందో, కిటికీ గట్టు మీద ఆమె చేతిగడియారం ఉంది. ముల్లు తిరుగుతూనే ఉంది. అరిగిన తోలు పట్టీ ఆమె మణికట్టు వంపును అలాగే పట్టి ఉంచింది.