రాణివేషం మంగ్లు కూతురి పెళ్ళి

హుకుంపేట చుట్టుపక్కల గూడేల్లో మంగ్లు ఇల్లెక్కడని అడిగితే 'ఏ మంగ్లు?' అంటారు. రాణివేషం మంగ్లు అంటే మాత్రం దారి చూపించడమే కాదు, వీలైతే ఇంటిదాకా తోడు వస్తారు. యాభై మూడేళ్ళ మనిషి. ఎకరంన్నర కాఫీతోట, కొండవాలున రాగులు పండే కాస్త చోడిచేను, రెండు ఎడ్లు ఉన్నాయి. అవి అన్నం పెడతాయి. పేరు తెచ్చింది నాటకం. పాతికేళ్ళకు పైగా ఆ ఊరి బృందంలో ఆడవేషాలన్నీ అతనివే. చైత్రంలో కొండవాళ్ళ వేట పండగ, ఇటుకల పండగ, వచ్చిందంటే మూడు మండలాల నుంచి కబుర్లు వస్తాయి. అతను మీసం తీసేసి, చీర కట్టి, తలమీద అట్టకిరీటం పెట్టుకుని నాలుగడుగులు వేస్తే చాలు, ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలు సర్దుకుని కూర్చుంటారు.

"అంత రాజసం ఎక్కడ నేర్సినావు మావా?" అని కుర్రాళ్ళు అడిగితే నవ్వేవాడు.

"రాజసమేటి, మా అత్త నడక అది. నెత్తిమీద నీళ్ళబిందెతో గెడ్డలోంచి ఎక్కివొచ్చేది. సుక్క ఒలికేది కాదు. ఆవిడ కన్నా పెద్ద రాణిని నాను సూడనేదు."

పురాణాల్లోని రాచపెళ్ళిళ్ళు అతనికి కొట్టినపిండి. విల్లు ఎక్కుపెట్టిన వాడికి దక్కిన కన్య, నీళ్ళలో నీడ చూసి చేపను కొట్టిన వాడికి దక్కిన కన్య, రథం తెచ్చి ఎత్తుకుపొమ్మని కబురంపిన కన్య, ఒకే రూపంతో కూర్చున్న అయిదుగురిలో నుదుట చెమట పట్టినవాడే మనిషని పోల్చుకుని మాల వేసిన కన్య. వీళ్ళందరి మాటలూ పాటలూ అతని నోట ఉండేవి. ఊళ్ళో పెళ్ళి తగువు వస్తే పెద్దలు అతన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారు. అతను కొండ దిగువ ఊళ్ళవాళ్ళ ముందు కూడా జంకేవాడు కాదు.

"మన కొండల్లో లేనిదేటుంది అందులో? సంతలో గుంట సెయ్యి పట్టుకుని లాక్కుపోతే రాచ్చసం. ఇద్దరూ కూడబలుక్కుని కొండ దాటిపోతే గాందర్వం. పిల్ల తండ్రికి ఓలి ఇచ్చి పిల్లని తెచ్చుకుంటే మమ్మల్ని సూసి నవ్వుతారు గానీ, బంగారమూ ఏనుగులూ పుచ్చుకుని సెల్లిని కాపరానికి పంపిన రాజు ఉన్నాడు కదేటి? ఆయన్ని సూసి ఎవులూ నవ్వరే!"

అన్నిటిలోకీ జనం కోరి కోరి ఆడించుకునేది మద్రరాజు కూతురి కథ. తగిన వరుడు ఇంటికి రాకపోతే తనే రథమెక్కి వెతకడానికి వెళ్ళిన పిల్ల. అడవిలో కట్టెలు కొట్టుకుంటూ, గుడ్డివాడైన తండ్రిని సాకుతున్న యువకుణ్ణి చూసి, ఇతనే అనుకుంది. ఏడాదికి మించి బతకడని ముని చెప్పినా మనసు మార్చుకోలేదు. "ఎంచుకోవడం ఒక్కసారే" అని ఆమె తండ్రితో అనే ఘట్టంలో మంగ్లు గొంతు పెంచేవాడు కాదు. నెమ్మదిగా, పక్కింటి వాళ్ళతో చెప్పినట్టు చెప్పేవాడు. మగవాళ్ళు కూడా తువ్వాళ్ళు తీసేవారు. ఆ వేషంలో ఉండగానే కూతురు పుట్టిన కబురు వచ్చిందని ఆమెకు రాజకుమారి అని పేరు పెట్టుకున్నాడు.

రాజకుమారి ఇప్పుడు పాడేరులో నర్సు. డిసెంబరులో ఒక ఆదివారం ఇంటికి వచ్చి, నడుముకు బుట్ట కట్టుకుని తండ్రితో పాటు తోటలోకి దిగింది. కాఫీపళ్ళు ఎర్రగా పండి ఉన్నాయి. రెండు వరసలు కోసేదాకా ఊరుకుని అప్పుడు చెప్పింది.

"నాన్నా, నాకో మనిషి నచ్చినాడు."

మంగ్లు చేతిలోని కొమ్మ వదిలేశాడు. ముఖమంతా విప్పారింది. "ఎవులు? ఏ ఊరోడు?"

"పేరు ఫల్గుణ. గూడెం కొత్తవీధి దాటి లోపలికెల్లాలి. మనోళ్ళే. కాఫీ, మిరియాలు పండిత్తన్నారు. డిగ్రీ సదివినాడు. తండ్రి పోయినాడు, తల్లి ఉంది."

"మరింకేటి! కల్లుకుండ పట్టుకుని బేగి రమ్మను."

"పూర్తిగా ఇను నాన్నా. ఆడికి సికిల్ సెల్ ఉంది, ఆ రక్తం జబ్బే. సగం కాదు, పూర్తిగా. రోజూ మాత్ర ఏసుకోవాలి. నెలనెలా మా ఆస్పత్రికి వొత్తాడు."

విప్పారిన ముఖం అలాగే ఆగిపోయింది. ఆ జబ్బు సంగతి మంగ్లుకు ఎవరూ చెప్పనక్కరలేదు. అతని తమ్ముడు పద్నాలుగో ఏట కాళ్ళూ చేతులూ పట్టుకుని అరుస్తూ పోయాడు. దయ్యమన్నారు, చేతబడి అన్నారు. దాని పేరు కొండమీదికి వచ్చింది ఎన్నో ఏళ్ళ తర్వాత.

"వొద్దు," అన్నాడు.

"నా రక్తం చూపించుకున్నాను నాన్నా. నాకు సగం కూడా నేదు. పుట్టే పిల్లలకి సగం వొత్తాది గానీ జబ్బు రాదు. ఆడు మందు మానకుండా, నీల్లు తాగుతా, సలికి తడవకుండా ఉంటే పని సేసుకుంటాడు. ఆడిని రెండేళ్ళుగా మందులిచ్చే కిటికీ కాడ సూత్తన్నాను. కళ్ళు మూసుకుని సెప్పటం నేదు."

"వొద్దన్నాను కదే."

ఆమె బుట్ట నిండేదాకా కోసి, గట్టు మీద కుమ్మరించి, మధ్యాహ్నం జీపుకు వెళ్ళిపోయింది.

ఆమె అలా వెళ్ళిందో లేదో, భార్య సోములమ్మ చోడంబలి గిన్నె అతని ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. తల్లికి అప్పటికే అంతా తెలుసు.

"పాతికేళ్ళు ఊరూరా తిరిగి ఆ ముక్క సెప్పినావు. నీ ఇంట్లో ఒక్కపాలి నీకు ఇనబడితే నోట మాట రాటం నేదేటయ్యా?"

"అది నాటకమే!"

"నాటకమే. అది సూసి నాను ఎన్నిసార్లు ఏడిసినాను? ఊరికే ఏడిసినాననుకున్నావా?"

మంగ్లు అంబలి ముట్టుకోకుండా లేచాడు.

మర్నాడు పొద్దున్నే యర్రయ్య ఇంటికి వెళ్ళాడు. బృందానికి పెద్ద ఆయనే. హార్మోనియం వాయించడం, మాటలు నేర్పడం, మునివేషం కట్టడం అన్నీ ఆయనే. డెబ్బై దాటాయి. గొంగళి కప్పుకుని వాకిట్లో ఎండకు కూర్చుని ఉన్నాడు. సంగతంతా విని గడ్డం గోక్కున్నాడు.

"ఒరే మంగ్లూ, ఏడాదికొక్కపాలి ఆ రాజుకి నాను సెప్తానే ఉన్నాను, కుర్రోడు బతకడు, పిల్లనివ్వకని. ఎప్పుడైనా ఇన్నాడేటి?"

"నవ్వులాటకి రానేదు మావా."

"నానూ నవ్వటం నేదు. రాణివేషం నీది కాబట్టి నీకు రాణి మాటలే గురుతు. రాజు ఏటి సేసినాడో నీకు గురుతుందా?"

మంగ్లు ఆలోచించాడు. రాజు 'వేరొకరిని కోరుకో తల్లీ' అంటాడు. కూతురు కాదంటుంది. ఆ తర్వాత తను చీర మార్చుకోవడానికి తెరవెనక్కి పోతాడు. నారచీర కట్టుకుని మళ్ళీ వచ్చేసరికి పెళ్ళి అయిపోయి ఉంటుంది. మధ్యలో ఏం జరుగుతుందో ఇన్నేళ్ళలో నిలబడి చూసిందే లేదు.

"రాజు నడిసి ఎల్లినాడురా," అన్నాడు యర్రయ్య. "పల్లకీ అవతల దింపేసి, ఆ గుడ్డోడి పాక కాడికి తనే అడివిలోకి ఎల్లినాడు. ఆ ముసలోడు ఏటన్నాడు? 'మాకు రాజ్జెం నేదు, నీ పిల్ల ఇక్కడ కట్టపడతాది' అన్నాడు. దాపరికం నేదు. రాజు అంతా కళ్ళారా సూసి, అప్పుడు మాట ఇచ్చినాడు. నువ్వు సూసి వొద్దను. సూడకుండా అనకు."

ఆ శుక్రవారం మంగ్లు పాడేరు బస్సు ఎక్కాడు. కూతురు సెలవు పెట్టి అక్కడ కలిసింది. చింతపల్లి దాకా ఒక బస్సు, గూడెం కొత్తవీధికి ఇంకొకటి, అక్కడినుంచి మనుషులూ బస్తాలూ కోళ్ళూ కలిసి ఎక్కిన జీపు. ఆడపిల్లవాళ్ళు ముందుగా వెళ్ళడం వాడుక కాదు. కబురంపితే ఇల్లు అలికి, కోడి కోసి సిద్ధంగా ఉంటారని మంగ్లు కావాలనే చెప్పకుండా బయలుదేరాడు.

వాళ్ళు వెళ్ళేసరికి ఫల్గుణ పెరట్లో కాఫీపళ్ళ తొక్క తీసే మిషను తిప్పుతున్నాడు. బక్కపలచటి మనిషి. కళ్ళలో కాస్త పసుపు. నడుముకు తాడుతో కట్టుకున్న నీళ్ళసీసా. రాజకుమారిని చూసి కంగారుపడి, పక్కనున్న పెద్దాయన ఎవరో అర్థమై, చేతులు లుంగీకి తుడుచుకుని నమస్కారం పెట్టాడు.

"రా మావా, కూకో. అమ్మ విస్తర్లకి అడ్డాకులు కొయ్యటానికి ఎల్లింది, వొచ్చేత్తాది."

అని లోపలికి వెళ్ళి తనే కాఫీ కాచి తెచ్చాడు. బెల్లం కాఫీ. మంగ్లు గుక్క తాగి, బాగుందని పైకి చెప్పకుండా గ్లాసు ఖాళీ చేశాడు.

తల్లి పేరు బేబి. మోపు దించీ దించకుండానే ఎవరొచ్చారో తెలుసుకుని, చెమట తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఇల్లు, తోట, మిరియాల తీగలు పాకిన సిల్వర్ఓకు చెట్లు అన్నీ చూపించింది. మర్నాడు డ్యూటీ ఉందని సాయంత్రం జీపుకు రాజకుమారి వెళ్ళిపోయింది. మంగ్లు మాత్రం, "నాను రెండ్రోజులుంటాను," అన్నాడు.

రెండోరోజు ఉదయం మంచు దట్టంగా ఉంది. ఫల్గుణ మిరియాల నిచ్చెన మూడో మెట్టు మీదే ఆగి దిగిపోయాడు. అరుగుమీద కూర్చుని మోకాలు పట్టుకున్నాడు. ముఖం పాలిపోయింది. మంగ్లుకు తమ్ముడు గుర్తొచ్చాడు. బేబి మాత్రం కంగారుపడలేదు. నీళ్ళు వేడిచేసి, గుడ్డ తడిపి తెచ్చింది. మాత్ర ఇచ్చింది. చెంబెడు నీళ్ళు తాగించి, రగ్గు కప్పింది. "తగ్గకపోతే ఆస్పత్రికి ఎల్దుం అన్నా. రెండు గంటలు సూద్దుం," అంది.

మంగ్లు ఆమె చేతిలోని గుడ్డ తీసుకున్నాడు. కుర్రాడి కాలు తన ఒళ్ళో పెట్టుకుని కాపడం పెట్టాడు. పళ్ళు బిగించి ఉన్న ఫల్గుణ కాసేపటికి మాట్లాడాడు.

"మావా, నీ నాటకం నాను సూసినాను. పాడేరులో, మూడేళ్ళ కిందట."

"అవునా?"

"యముడు వరమడగమంటే ఆ రాణి ముందుగా మొగుడి పేణం అడగదేటి? మామ కళ్ళు అడుగుతాది, రాజ్జెం అడుగుతాది, తండ్రికి కొడుకుల్ని అడుగుతాది. నాకు అప్పుడు కోపం వొచ్చింది. ముందు ఆడి సంగతి సూడొచ్చు కదా!"

మంగ్లుకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో ఈ మాట అడిగినవాడు లేడు. "మొగుడి పేణం అడగొద్దని యముడే కట్టు పెట్టినాడు కదరా. ఆవిడ గాబరా పడనేదు. ఇయ్యగలిగింది ముందు పుచ్చుకుంటా, నడక ఆపకుండా ఎనకాలే ఎల్లింది. అంతే."

"మీ గుంట కూడా అంతే మావా," అన్నాడు ఫల్గుణ. "నొప్పి ఎప్పుడొత్తాదో అని నాను ఏడుత్తుంటే, 'ఇయ్యాల ఎన్ని నీల్లు తాగినావు?' అని అడిగింది. నాకు పెళ్ళి వొద్దని ఆ పిల్లకి రెండుసార్లు సెప్పినాను. నిజం. కావాలంటే అడుగు."

మంగ్లు గుడ్డ మళ్ళీ వేడినీళ్ళలో ముంచి పిండాడు. ఆస్పత్రికి వెళ్ళే అవసరం రాలేదు. మధ్యాహ్నానికి కుర్రాడు లేచి అన్నం తిన్నాడు. ఆ పూట నిచ్చెన మంగ్లు ఎక్కాడు. కింద కూర్చుని ఫల్గుణ మిరియాల గుత్తులు దూశాడు. ఇద్దరూ చీకటి పడకముందే రెండు చెట్లు ముగించారు.

బయలుదేరేముందు మంగ్లు బేబిని అడిగాడు. "సెల్లీ, మా ఇంటికి ఎప్పుడొత్తావు?"

"అంతా తెలిసే అడుగుతున్నావా అన్నా? రేపు నన్ను అనకూడదు."

"నా కూతురు సెప్పింది. నీ కొడుకు సెప్పినాడు. నిన్న నా సేతుల్తో సూసినాను. ఇంకెవులు సెప్పాలి?"

బేబి కొంగుతో కళ్ళొత్తుకుని, "పుష్యం ఎల్లనీ, వొచ్చేత్తాం," అంది.

అన్నట్టే వచ్చారు. జీలుగు కల్లుకుండ వాకిట్లో దింపారు. పెద్దలు కూర్చున్నారు. కుండ మూత తీసేముందు వాడుక ప్రకారం పిల్లను అడగాలి. యర్రయ్య గొంతు సవరించుకుని, "గుంటా, ఈ కల్లు మేం తాగొచ్చా?" అన్నాడు. రాజకుమారి గుమ్మంలోంచి, "తాగండి. ఆడికి మాత్రం పొయ్యకండి, మాత్రలు ఏసుకుంటన్నాడు," అంది. వాకిలంతా గొల్లుమంది. ఫల్గుణ కూడా నవ్వాడు. సోములమ్మ అతనికి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఓలి కింద ఆవు, దూడ, తల్లికి చీర, ఊరికి ఒక పూట భోజనం అనుకున్నారు. బేరం ఎవరూ చెయ్యలేదు.

మాఘంలో పెళ్ళి అయింది. ఆడవాళ్ళు ఒకరి నడుము ఒకరు పట్టుకుని థింసా ఆడారు. మంగ్లు చివరి దాకా వాళ్ళతో కలిసి అడుగు వేశాడు.

రెండేళ్ళయింది. రాజకుమారి బదిలీ మీద అత్తవారి ఊరి దగ్గరికి వెళ్ళింది. ఫల్గుణ ఒకసారి వానాకాలంలో మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. ఆ కబురు విన్న రోజు మంగ్లు ముద్ద మింగలేకపోయాడు. అల్లుడు తిరిగొచ్చి ఫోనులో "మావా, మిరియాలకి రావా?" అన్నప్పుడు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఇప్పుడు ఏటా కోతల వేళ పదిరోజులు అక్కడే ఉంటున్నాడు. మొన్న వెళ్ళినప్పుడు నిచ్చెన మీద ఉండి, మద్రరాజు ఆ గుడ్డివాడి పాక ముందు పిల్ల తండ్రిగా నిలబడి మాట్లాడే మాటలు కట్టుకుని పాడుకుంటున్నాడు. ఈసారి ఆ ఘట్టం పెంచాలని యర్రయ్యతో చెప్పి వచ్చాడట. కింద కొత్తగా నడక నేర్చిన మనవరాలు రాలిన గుత్తుల మధ్య తప్పటడుగులు వేస్తోంది.

"నాన్నా, పాట సాలు, దిగు. అన్నం సల్లారిపోతంది," అని రాజకుమారి పెరట్లోంచి కేకేసింది.

"ఒక్క కొమ్మే ఉందే," అన్నాడు మంగ్లు. అది కూడా దూసి, గుత్తులు బుట్టలో వేసుకుని దిగాడు.