సైరన్ లేని కారు

గడ్డి లారీ పక్కకు తప్పుకోదు, ఎందుకు తప్పుకుంటుంది, వెనకాల వస్తున్న ఈ చిన్న తెల్లకారు డిక్కీలో రెండు మంటలార్పే సిలిండర్లున్నాయనీ, నడుపుతున్న నర్సు కూరగాయలకని బయల్దేరి మంట దగ్గరికి పోతోందనీ దాని డ్రైవరుకెలా తెలుస్తుంది, సైరన్ లేదు, నెత్తిన తిరిగే ఎర్రదీపం లేదు, ఉన్నదల్లా హారను, అదీ సౌదీలో ఈ హాయిల్ రోడ్ల మీద తొందరపడే ప్రతివాడూ మోగించేదే, అయినా సుందరి మోగిస్తూనే ఉంది, లైట్లు వేసి ఆర్పుతూనే ఉంది, చివరికి లారీ విసుక్కున్నట్టు కాస్త కుడికి జరిగితే పక్కనుంచి దూసుకుని ముందుకొచ్చింది, రెండు పక్కలా గోధుమ చేలు, చేలకవతల ఇసుక, ఇసుకకవతల సన్నగా నిటారుగా పొగ, నల్లటి పొగ, గడ్డి తగలబడితే ఇంత నల్లగా రాదు, నూనో ప్లాస్టిక్కో అయ్యుంటుంది, అంటే వంటిల్లే, ఖయ్యూమ్ భాయ్ చెప్పింది నిజమే, మెకానిక్ షెడ్డు మూస్తూనే రొప్పుతూ, ఫైరింజను వచ్చేలోపు మంటలార్పడానికి పోయేవాళ్ల గ్రూపులో చెప్పాడు, తోటింట్లో మంట, యజమాని కుటుంబం ఊళ్లో లేదు, లోపల పనిమనిషి ఒక్కతే ఉంది, ఫైరింజనుకు ఫోను చేశారు, పట్నం నుంచి రావాలి, మనలో ఎవరు దగ్గరున్నారు, ఆ చివరి మాటకు ఆమె వంకాయలు తూకంలోనే వదిలేసి నేను అంది, అన్నాక గానీ తెలియలేదు, ఆ మాట అన్నది తనొక్కతేనని.

ఫోను మోగింది, మల్లేశం, నీళ్ల ట్యాంకున్న పికప్ అతనిది, జగిత్యాల మనిషి, పొలాలకు పంపులు బిగిస్తుంటాడు, సుందరక్కా ఎంత దూరంల ఉన్నవ్, మలుపు తిరిగితే వచ్చేసినట్టే మల్లేశం, నాకు ఇంక ఇర్వై నిమిషాలైతదక్కా, నువ్వు బయటనే నిలబడు, లోపలికి పోకు, ఇనవడ్తుందా, వినపడింది గానీ సరే అనలేదు, అంటే ఆ మాటకు కట్టుబడాలి, కొర్నేలుకైతే ఎప్పుడూ సరే అంటుంది, జుబైల్ రిఫైనరీలో పైపుల మధ్య పనిచేసే మొగుడికి మంటంటే భయం, దాని సంగతి తెలుసు గనకే భయం, నువ్వెళ్లు, నేనొద్దన్ను, కట్టు కట్టు, మందు రాయి, అంతకు మించి వేలు పెట్టకు సుందరీ అంటాడు, పోయిన వేసవిలో గ్రూపులో అందరికీ శిక్షణిచ్చినప్పుడు తనూ వాళ్లతో పాటే గొట్టం పట్టింది, సిలిండరు పిన్ను లాగింది, అయినా చివర్లో వాళ్లూ అదే అన్నారు, అక్కా మందులపెట్టె నీది, మంట మాది, ఆమె నవ్వింది, ఈ గ్రూపులో తనెందుకు చేరిందో ఎవరికీ చెప్పలేదు.

గుంటూరులో కాలినవాళ్ల వార్డులో అన్నేళ్లు పనిచేసింది, అక్కడికి మంట రాదు, మంట తన పని ముగించుకుని పోయాక మిగిలింది వస్తుంది, తాజున్నీసా అని ఒకామె, హోటల్లో దోసెలు పోసేది, పొయ్యి పేలి తెచ్చారు, రోజూ పొద్దున్నే అడిగేది, సిస్టరమ్మా జుట్టు మళ్లీ వస్తదా, వస్తుందమ్మా, ఎందుకు రాదు, ఆమెతో వచ్చిన పక్కింటాయన వరండాలో కూచుని చెప్పిందే చెప్పేవాడు, అందరం ఉన్నామండీ, వీధి వీధంతా ఉంది, ఎవరో ఒకరు వెళ్తార్లే అనుకున్నాం, ఎవరికి వాళ్లం అలాగే అనుకున్నాం, ఆయన మీద సుందరికి కోపం రాలేదు, ఆ వీధిలో తనున్నా అలాగే అనుకునేదేమోనని భయమేసింది, తాజున్నీసా ఒకరోజు అడగడం మానేసింది, ఆ మంచం మీదికి మధ్యాహ్నానికల్లా ఇంకొకరు వచ్చారు, కట్టు కట్టడం తనకు వచ్చు, చాలా బాగా వచ్చు, ఇక చాలు, ఒక్కసారి మంట కంటే ముందు చేరుకోవాలి, అదిగో మలుపు, తిప్పు.

ఇనుపగేటు తెరిచే ఉంది, ఖర్జూరపు చెట్ల చివర ఒంటి అంతస్తు ఇల్లు, వంటింటి కిటికీలోంచి మంట గోడను నాకుతూ పైకి పోతోంది, ముంగిట్లో పక్కతోట కాపలాదారు, బంగ్లాదేశ్ పెద్దాయన, ఖాళీ బకెట్టుతో అటూ ఇటూ తిరుగుతున్నాడు, సిస్టర్ అందర్ హై, అవురత్ అందర్ హై, ఆడమనిషి లోపలే ఉందట, గ్యాస్ సిలిండరెక్కడ చాచా, బయట గోడ పక్కనుండేది, నేనే వాల్వు కట్టేశాను, దూరంగా దొర్లించేశాను కూడా, దేవుడా ఒక మేలు చేశావు, సుందరి డిక్కీ తెరిచి మంటలార్పే సిలిండరు చంకనెత్తుకుంది, పిన్ను లాగు, ఒంగి నడువు, మంట మొదట్లో కొట్టు, తెల్లటి పొడి బుస్సుమంది, మంట తలొంచింది, వంచినట్టే వంచి మళ్లీ లేచింది, రెండోదీ అంతే, వంటింటి కప్పంతా అంటుకుంది, నడవలో పొగ మోకాళ్ల దాకా దిగింది, దాన్ని దాటితేనే పనిమనిషి గది, దాటితే మోయాల్సిన మనుషులు ఒకరు కాదు ఇద్దరవుతారు, వెనక్కి నడువు, ఇది పారిపోవడం కాదు, ఇంటి వెనక్కి పోవడం, పరుగెత్తు.

వెనక చిన్న కిటికీ, ఊచలకవతల బచావ్ బచావ్ అని గొంతు, తర్వాత దగ్గు, దగ్గు మధ్యలో యా అల్లా నా బిడ్డలకు ఎవురు చెప్తారు, తెలుగు, ఇక్కడ, ఈ ఇసుకలో, అమ్మా నేను తెలుగుదాన్నే, పేరేంటమ్మా, మదార్బీ, రాయచోటి, తలుపు తీస్తే మంట మీదికొచ్చిండాది బిడ్డా, మళ్లా మూసేసినా, మంచి పని చేశావు, నీళ్లున్నాయా, బిందెడుండాయి, దుప్పటి తడిపి తలుపు కింద కుక్కు, మొహానికి తడిగుడ్డ పెట్టుకో, ఊచలు పట్టుకుని గుంజింది, చాచా కూడా గుంజాడు, బొటనవేలంత లావు చట్రం, గోడలోకి బోల్టులు దిగ్గొట్టి ఉంది, కదల్లేదు, మల్లేశం వచ్చేదాకా అంటే ఆ గదిలో ఊపిరి చాలదు, నర్సు కాబట్టి తెలుసు, తెలియకపోతే బాగుండును, ఎవరో ఒకరు వస్తారు, ఎవరో ఒకరు, ఆ మాట తన లోపలా మొదలైంది, తల విదిలించింది, వచ్చింది కదా ఎవరో ఒకరు, తనే కదా.

కారు ఉంది, తన కష్టంతో కొనుక్కున్న మొదటి వస్తువు, శుక్రవారం శుక్రవారం తుడుచుకునే కారు, పరుగున పోయి దాన్ని ఇంటి వెనక్కి తెచ్చింది, డిక్కీలో బండి ఇసుకలో దిగబడితే లాగడానికి ఇక్కడ అందరూ పెట్టుకునే తాడుంది, దాన్ని ఊచలకు రెండు చుట్లు చుట్టి కొక్కెం తగిలించింది, రెండో కొస కారు వెనక వలయానికి, అమ్మా నువ్వు మూలకు పో, తలమీద దిండు పెట్టుకో, గేరు, తాడు బిగుసుకుంది, చక్రాలు అక్కడే తిరిగి ఇసుక చిమ్మాయి, చాచా పరుగున గోనెసంచులు తెచ్చి చక్రాల కింద తోశాడు, ఫోను మోగుతోంది, కొర్నేలు, తర్వాత చేస్తాను, సరే అని మాత్రం ఇక అనను, జరిగింది జరిగినట్టు చెప్తాను, మెల్లగా వెనక్కి, తాడు వదులవనీ, ఇప్పుడు కాలంతా దించి తొక్కు, వెనక ఏదో విరిగింది, బంపరు, విరగనీ, తొక్కు, ఇంకా తొక్కు, పళ్లు పీకినట్టు శబ్దమైంది, అద్దంలో చట్రం ఇటుక పెళ్లలతో సహా నేలమీద ఈడ్చుకుంటూ వచ్చింది.

చాచా గోడ కంతలోకి చేతులు చాచాడు, ముందు తడిసిన తలముసుగు, తర్వాత రెండు చేతులు, ఇద్దరూ కలిసి మదార్బీని లాగి దూరంగా కారు నీడలోకి చేర్చారు, అప్పటికి మల్లేశం పికప్ గేట్లోకి దూరింది, వెనకే ఖయ్యూమ్ భాయ్ బండి, గొట్టం విప్పుతూనే మల్లేశం గోడలోని కంతను చూశాడు, లోపలికి పోకన్ననా లేదా అక్కా, పోలేదు మల్లేశం, అతను గొట్టం తిప్పి నీళ్లు వదిలాడు, సుందరి మోకాళ్ల మీద కూచుని మదార్బీని చూడసాగింది, ముందు శ్వాస, కరుకుగా ఉంది కానీ నిండుగా వస్తోంది, ముక్కు లోపల మసి లేదు, గొంతు మారలేదు, అరచేతులు తిప్పి చూసింది, మోచేతులు, మెడ, చెవుల వెనక, ముసుగు తొలగించి నెరిసిన జుట్టు పాయలు పాయలుగా విడదీసి చూసింది, మళ్లీ అరచేతులు, తన వేళ్లకు ఎప్పుడూ తగిలే కాలిన చర్మం ఈసారి ఎక్కడా తగల్లేదు, ఏం ఎతుకుతుండావు బిడ్డా అంది మదార్బీ దగ్గుతూ, ఏం లేదమ్మా, అంది సుందరి, అని ఆ మాట దగ్గరే ఆగిపోయింది, ఏం లేదు, రాయడానికి లేదు, చుట్టడానికి లేదు, రేపు పొద్దున అబద్ధం చెప్పడానికి లేదు, ఆస్పత్రికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టించాలి, అంతే, ఆ తర్వాత ఈమె కూచుని టీ తాగుతుంది, నర్సు చేతులకు ఏ పనీ మిగలకుండా పోవాలి, తను వచ్చింది అందుకే.